గంటన్నర కూర 24 నిమిషాల్లో: టీవీ వంటల కార్యక్రమాలు ఏం చూపిస్తాయి, ఏం కోసేస్తాయి

"అన్నీ టీవీలో ఆవిడ చెప్పినట్టే వేశాను, మరి ఆ రుచి ఎందుకు రాలేదు?" ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వినిపించని తెలుగు ఇల్లు ఉండదేమో. దాంతోపాటు ఇంకో మాట కూడా వినిపిస్తుంది. అది సాధారణంగా పొయ్యి దగ్గర నిలబడనివాళ్లు అనే మాట: "టీవీలో పది నిమిషాల్లో చేసేసింది కదా, నీకెందుకు ఇంతసేపు?"

ఈ కార్యక్రమాల గురించి అభిప్రాయాలు ఒక పట్టాన కలవవు. అవి చూసే నాకు వంట వచ్చిందని కొందరంటారు. చూడ్డానికి బాగుంటాయి గానీ చేసుకోవడానికి పనికిరావని ఇంకొందరు. నూనె, ఉప్పు లెక్క లేకుండా వేయిస్తారని ఆరోగ్యం గురించి పట్టించుకునేవాళ్ల బాధ. అసలదంతా మసాలా కంపెనీల ప్రచారమేనని మరికొందరి అనుమానం. వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. అన్నీ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే, ఒక కార్యక్రమం తయారయ్యేటప్పుడు తెర మీద ఏది మిగులుతుందో, ఎడిటింగ్ కత్తెర కింద ఏది పోతుందో చూడాలి. నాకు అర్థమైనంతలో ఈ కార్యక్రమాల మేలూ కీడూ రెండూ ఆ కత్తెర దగ్గరే ఉన్నాయి.

## ఒకే పేరుతో మూడు రకాలు

అన్నిటినీ కలిపి ‘వంటల ప్రోగ్రాం’ అనేస్తాం గానీ, వాటిలో కనీసం మూడు వేరువేరు రకాలున్నాయి. ఒకటి, చేసి చూపించేది. స్టూడియోలో పొయ్యి, ఒక యాంకర్, ఒక చెఫ్ లేదా ఇంట్లో వంట చేసుకునే ఒక గృహిణి, కొలతలతో సహా ఒక వంటకం. రెండోది పోటీ. వంట చేసేవాళ్లకు టైమ్ పెడతారు, జడ్జీలు రుచి చూస్తారు, వారానికొకరు ఇంటిదారి పడతారు. మూడోది ఊళ్లు తిరుగుతూ అక్కడి తిండిని చూపించేది. ఇందులో వంట కొంత, ఊరి కథ కొంత.

మొదటి రకం చాలా పాతది. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1946లో, బీబీసీలో ఫిలిప్ హార్బెన్ వంట చేసి చూపించాడు. మన దేశంలో దీన్ని ఇంటింటికీ చేర్చింది 1993లో జీ టీవీలో మొదలైన సంజీవ్ కపూర్ ‘ఖానా ఖజానా’. తెలుగులో 1995లో ఈటీవీ వచ్చాక వంటల కార్యక్రమం రోజువారీ అలవాటుగా మారింది. ‘అభిరుచి’ అన్న పేరు తర్వాత ఏకంగా ఒక పూర్తి వంటల ఛానెల్‌కే పేరైంది. పోటీ రకానికి పేరు తెచ్చిన మాస్టర్‌చెఫ్ 1990లో బ్రిటన్‌లో మొదలైంది. 2009లో ఆస్ట్రేలియా దాన్ని కొత్త పద్ధతిలో తీస్తే ప్రపంచమంతా ఆ పద్ధతినే పట్టుకుంది. 2010లో హిందీలోకి, 2021లో జెమినీ టీవీ ద్వారా తెలుగులోకి వచ్చింది.

ఈ తేడా గుర్తుంచుకోవాలి. పోటీ కార్యక్రమం చూసి ‘వంట నేర్పడం లేదు’ అంటే, అది నేర్పడానికి తీసింది కాదు కాబట్టి ఆ ఫిర్యాదు నిలవదు. నేర్పుతానని చెప్పిన కార్యక్రమం నేర్పకపోతే మాత్రం గట్టిగానే అడగాలి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మొదటి రకం గురించే.

## గుత్తి వంకాయ కూరకు నిజంగా ఎంతసేపు పడుతుంది

మన దేశంలో కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. అంటే అరగంట కార్యక్రమంలో ప్రకటనలకు ఆరు నిమిషాలు తీసేస్తే మిగిలేది 24 నిమిషాలు. ఆ 24లోనే టైటిల్స్, యాంకర్ పలకరింపులు, వచ్చిన అతిథి పరిచయం, చివర్లో రుచి చూసి "వావ్" అనడం, చాలాసార్లు రెండో వంటకం కూడా. ఒక్కో కూరకు దక్కేది ఏడెనిమిది నిమిషాలు.

నేనొకసారి గడియారం ముందు పెట్టుకుని ఇంట్లో గుత్తి వంకాయ చేశాను. అరకిలో లేత వంకాయలు కడిగి, తొడిమ ఉంచి నాలుగు చీలికలు చేసి, పుచ్చులు చూసుకుని ఉప్పునీళ్లలో వేయడానికి 10 నిమిషాలు. పల్లీలు, నువ్వులు, ధనియాలు, ఎండుకొబ్బరి దేనికది విడిగా వేయించడానికి 15. అవి చల్లారడానికి ఇంకో 15, వేడి మీద మిక్సీలో వేస్తే పొడి కాస్తా ముద్దయిపోతుంది. చింతపండు పిసికి గుజ్జు తీసి, మసాలా రుబ్బడానికి 10. కాయల్లో కూరడానికి 10. ఆ తర్వాత మూకుడులో సన్నటి సెగ మీద, కాయ చితక్కుండా ఒక్కోదాన్నీ తిప్పుకుంటూ మగ్గనివ్వడానికి 30. మొత్తం గంటన్నర. గిన్నెలు తోమిన సమయం ఇందులో లేదు.

టీవీలో ఇదే కూర ఎలా నడుస్తుంది? వంకాయలు చీల్చి సిద్ధంగా ఉంటాయి. వేయించిన దినుసులు గాజు గిన్నెల్లో వరసగా ఉంటాయి. మిక్సీ తిరిగిన రెండు సెకన్లకు మసాలా ముద్ద వచ్చేస్తుంది. కాయలు నూనెలో వేసి మూత పెడతారు, బ్రేక్. మళ్లీ మూత తీసేసరికి నూనె పైకి తేలిన కూర. కొన్నిచోట్ల అది వేరే గిన్నె కూడా కావచ్చు, ముందే వండిపెట్టుకున్నది.

దీన్ని మోసం అనలేం. అరగంట మగ్గే కూరను అరగంటసేపు ఎవరూ చూడరు. కానీ కోసేసిన ఆ సమయంతోపాటు పోయేది ఏమిటో చూడండి. వంకాయ మగ్గేటప్పుడు ఎప్పుడు సెగ తగ్గించాలి, అడుగంటుతున్న వాసన ఎలా ఉంటుంది, అప్పుడు నీళ్లు చిలకరించాలా నూనె వేయాలా, ఇవన్నీ ఆ అరగంటలోనే ఉన్నాయి. దినుసులు చెప్పినవే, కొలతలు చెప్పినవే, వంట మాత్రం ఆ బ్రేక్‌లో జరిగిపోయింది. ‘అన్నీ వేశాను, రుచి రాలేదు’ అన్న ఫిర్యాదుకు మూలం చాలావరకు ఇక్కడే.

ఇంకొకటి కూడా పోతుంది, శ్రమ. స్టూడియోలో ఉల్లిపాయలు తరిగిపెట్టినవాళ్లు, వంకాయలు చీల్చినవాళ్లు, మూకుడు కడిగినవాళ్లు కెమెరాకు అవతల ఉంటారు. ఇంట్లో ఆ పనులన్నీ చేసేది ఒక్క మనిషి, ఎక్కువ ఇళ్లలో ఒక్క ఆడమనిషి. ఆమె గంటన్నర పనిని పక్కవాళ్లు టీవీలో ఎనిమిది నిమిషాలుగా చూసి ఉంటారు. "ఇంతసేపా?" అన్న మాట అక్కడి నుంచే వస్తుంది. నా లెక్కలో ఈ కార్యక్రమాల వల్ల జరిగిన పెద్ద అన్యాయం ఇదే. నూనె, ఉప్పుల మీద జరిగినంత చర్చ దీని మీద జరగలేదు.

## ‘రెండు చెంచాల కారం’ అంటే ఏ కారం?

కొలతల విషయం చిన్నగా కనిపిస్తుంది గానీ చిక్కు చాలా ఉంది. ‘రెండు చెంచాల కారం’ అని టీవీలో చెబుతారు. గుంటూరు సన్నం కారం ఒక ఘాటు. తేజ రకం మిర్చి ఆడించిన కారం దానికంటే బాగా ఎక్కువ ఘాటు. కర్ణాటక బ్యాడిగి మిర్చి రంగు బాగా ఇస్తుంది, ఘాటు తక్కువ. వరంగల్ చపాటా మిర్చి ఎర్రగా నిగనిగలాడుతుంది గానీ మంట అంతగా ఉండదు. తెర మీద కూర ఎర్రగా ఉండి, తినే యాంకర్ కళ్లల్లో నీళ్లు రాకపోతే అందులో ఏ కారం పడిందో మనకు తెలియదు. అదే ఎరుపు కోసం మనం తేజ కారం రెండు చెంచాలు వేస్తే పిల్లలు ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకోవాలి.

చింతపండుదీ అంతే. ‘నిమ్మకాయంత చింతపండు’ అని కొలత. కొత్త చింతపండు లేత రంగులో ఉంటుంది, పాతబడేకొద్దీ నల్లబడుతుంది, పులుపు తీరు మారుతుంది. నిమ్మకాయ సైజు ఎంతో కూడా ఎవరి నిమ్మకాయ వాళ్లది. బియ్యం కొత్తవైతే నీళ్లు తక్కువ పడతాయి, పాతవైతే ఎక్కువ. ‘కప్పుకు రెండు కప్పులు’ అన్న మాట ఒక ఇంట్లో పులిహోరకు పొడిపొడి అన్నమిస్తే ఇంకో ఇంట్లో ముద్ద చేస్తుంది.

పక్కన అమ్మో అత్తో ఉండి నేర్పేటప్పుడు ఈ తేడాలు వాళ్లే సరిచేస్తారు. "ఈ కారం ఘాటు, ఒక్క చెంచా చాలు" అంటారు. కెమెరా రంగును చూపించగలదు, చిటపటను వినిపించగలదు. వాసన, ఘాటు, సెగ దానికి అందవు. మన వంటలో సగం నిర్ణయాలు ఆ మూడింటి మీదే నడుస్తాయి. పోపులో ఇంగువ పడిందో లేదో పక్కగదిలోంచి చెప్పేది ముక్కే కదా.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, న్యాయమైనదే. పాతకాలం పద్ధతిలో ‘కళ్లంచనా’ తప్ప కొలతే లేదు. వంట రాని కొత్త మనిషికి ‘తగినంత’ అన్న మాటతో ఒరిగేది ఏమీ లేదు. టీవీ కనీసం చెంచా, కప్పు, గ్రాములు అనే భాషను వంటింట్లోకి తెచ్చింది. అది తప్పినా, ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకునే వీలిచ్చింది.

## ఇవి రాకముందు మనకు తెలియని వంటలు

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. ఆ రోజుల్లో తూర్పు గోదావరిలో పుట్టి పెరిగిన మనిషికి సర్వపిండి ఎలా ఉంటుందో తెలిసే అవకాశం చాలా తక్కువ. చుట్టాలెవరైనా వరంగల్ వైపు ఉంటే తప్ప పచ్చి పులుసు నోటికి తగిలేది కాదు. రాయలసీమ రాగి సంగటి ఆ సీమ దాటి పెద్దగా వచ్చేది కాదు. ఉత్తరాంధ్రలో ఆవ పెట్టి చేసే కూరలు, కృష్ణా జిల్లా ఉలవచారు, తెలంగాణ సకినాలు ఎక్కడివక్కడే ఉండేవి. వంట వంశం వెంట, పెళ్లి సంబంధాల వెంట నడిచేది. పెళ్లి సంబంధాలేమో కులం వెంట, జిల్లా వెంట నడిచేవి. ఆ రెండు గీతలూ దాటి ఒక ఇంటి వంటను ఇంకో ఇంటికి చేర్చింది టీవీయే. ఇంత పెద్ద మార్పును ‘టైంపాస్’ అని కొట్టిపారేయడం సరికాదు.

మాటలు కూడా అలాగే కలిశాయి. ఒకచోట పోపు, ఇంకోచోట తాళింపు, మరోచోట తిరగమోత. విశాఖ వైపు ఆనపకాయ, హైదరాబాద్ వైపు సొరకాయ. యాంకర్లు రెండు పేర్లూ కలిపి చెప్పడం మొదలుపెట్టాక ఇవి అందరికీ అర్థమయ్యే మాటలయ్యాయి.

ఇంకో మేలు, అతిథులుగా వచ్చిన గృహిణులకు దక్కిన గౌరవం. ఏళ్ల తరబడి వంటింట్లో చేసిన పనికి ఇంట్లో ఎవరూ పేరు పెట్టి మెచ్చుకోని మనిషి టీవీలో కనిపిస్తుంది. కింద పేరు పడుతుంది, ఊరు పడుతుంది. మా వీధిలో ఒకావిడ అలా వెళ్లొచ్చింది. బీరకాయ పొట్టు పచ్చడి చేసి చూపించింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పెళ్లిళ్లలో ఆమెను ‘టీవీలో వచ్చిన పిన్ని’ అనే పిలిచేవారు. ఆమె ఆ పిలుపును ఎంత ఇష్టపడేదో నాకు గుర్తుంది.

మగవాళ్ల విషయమూ చెప్పాలి. సంజీవ్ కపూర్ లాంటి వాళ్లు కోటు వేసుకుని తెర మీద వంట చేయడం చూశాక, హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానన్న కొడుకుతో వాదించే తండ్రుల గొంతు కొంచెం తగ్గింది. హైదరాబాద్ వదిలి డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ చేతిలో ఫోన్ పట్టుకుని పప్పుచారు కాచుకునే కుర్రాళ్లకు ఈ కార్యక్రమాలే అమ్మ పాత్ర పోషించాయి.

బయటి దేశాల్లో ఇంకా పెద్ద మార్పులే వచ్చాయి. బ్రిటన్‌లో డీలియా స్మిత్ 1998లో కోడిగుడ్డు ఉడికించడం దగ్గర నుంచి మొదలుపెట్టి వంట నేర్పింది. ఆమె తెర మీద వాడిన వస్తువులు దుకాణాల్లో ఇట్టే అయిపోవడం చూసి ‘డీలియా ఎఫెక్ట్’ అనే మాటే పుట్టింది. అదే దేశంలో 2005లో జేమీ ఆలివర్ అనే చెఫ్ బడి పిల్లలకు పెడుతున్న భోజనం ఎలా ఉందో టీవీలో వరసగా చూపిస్తే, ప్రభుత్వం బడి భోజనాలకు 28 కోట్ల పౌండ్లు ప్రకటించింది. వంట కార్యక్రమం వంటింటి గడప దాటి అంత దూరం వెళ్లగలదు.

## అర కప్పు నూనె లెక్క

ఇక ఆరోగ్యం. ఇక్కడ వాదన కంటే లెక్క మేలు. నలుగురికి చేసే కూరలో ‘అర కప్పు నూనె’ అని చెప్పారనుకుందాం. కొలత కప్పు 240 మిల్లీలీటర్లు, అందులో సగం 120. నూనె నీటికంటే తేలిక కాబట్టి బరువు సుమారు 110 గ్రాములు. నలుగురికి పంచితే మనిషికి 27 గ్రాములకు పైమాటే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు మొత్తానికి సూచించిన నూనె, కొవ్వు కూడా సుమారు 27 గ్రాములే. అంటే పూట భోజనంలో ఒక్క కూరతోనే రోజు కోటా అయిపోయింది. ఇంకా పోపులున్నాయి, నెయ్యి ఉంది, సాయంత్రం దోసె ఉంది. మూకుడులో మిగిలిపోయే నూనె కొంత ఉంటుంది నిజమే, అందుకే ఈ లెక్కను కొంచెం తగ్గించి చూడాలి. అయినా సంగతి అర్థమవుతుంది.

టీవీలో నూనె ఎక్కువ పడటానికి కారణముంది. నూనె తేలిన కూర లైట్ల కింద మెరుస్తుంది. నూనె తక్కువైన కూర ఎంత రుచిగా ఉన్నా తెర మీద ఎండిపోయినట్టు కనిపిస్తుంది. ప్రేక్షకుడు రుచి చూడలేడు కాబట్టి కంటినే నమ్మించాలి.

దీని మీద పేరున్న అధ్యయనం ఒకటుంది. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. టీవీ చెఫ్‌ల పుస్తకాల్లోంచి 100 వంటకాలు, సూపర్ మార్కెట్లలో దొరికే 100 రెడీమేడ్ భోజనాలు తీసుకుని, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలతో పోల్చారు. రెండువందల్లో ఒక్కటి కూడా అన్ని ప్రమాణాలనూ అందుకోలేదు. కొవ్వు, క్యాలరీలు చెఫ్‌ల వంటకాల్లోనే ఎక్కువ, పీచు తక్కువ. డబ్బాలో కొనుక్కున్న భోజనం మొత్తం మీద కాస్త నయంగా తేలింది.

అప్పట్లో దీని మీద చాలా గోల జరిగింది. కానీ రెండు విషయాలు పక్కన పెట్టి మాట్లాడకూడదు. మొదటిది, అవి పుస్తకాల్లోని వంటకాలు, పండగలకు చేసుకునేలాంటివీ అందులో ఉంటాయి. జనం రోజూ అవే తింటారని అధ్యయనం చెప్పలేదు. రెండోది ఉప్పు. ఉప్పు విషయంలో చెఫ్‌ల వంటకాలే మెరుగ్గా కనిపించాయి. అయితే ‘రుచికి సరిపడా’ వేసుకోమన్న ఉప్పును ఆ లెక్కలో కలపలేదు. మన వంట తెలిసినవాళ్లకు ఈ మినహాయింపు ఎంత పెద్దదో వెంటనే అర్థమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే తలకొట్టిన టీస్పూన్ కంటే కొంచెం తక్కువ. మన టీవీ వంటల్లో దాదాపు ప్రతి వంటకంలోనూ ఉప్పు మాత్రమే కొలత లేని దినుసు. కారానికి చెంచా ఉంది, పసుపుకు చిటికెడు ఉంది, ఉప్పుకు ‘తగినంత’.

మరి టీవీ చూసి ఇంట్లో వండుకోవడమే చెడ్డదా? అదీ కాదు. ఇంట్లో వండుకునే మనిషికి నూనె అర కప్పు పోయాలా పావు కప్పు పోయాలా అన్నది తన చేతిలో ఉంటుంది. డబ్బా తెరిచి తినేవాడికి ఆ అవకాశం లేదు.

## తెర మీద కనిపించని చేతులు కడుక్కోవడం

కత్తెర కింద పోయే వాటిలో శుభ్రత ఒకటి. అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పేరున్న 24 మంది చెఫ్‌ల 100 కార్యక్రమాలు పరిశీలించారు. పచ్చి మాంసం ముట్టుకున్నాక 88 శాతం మంది చేతులు కడుక్కోలేదు, లేదా కడిగినట్టు చూపించలేదు. ఆ ‘లేదా’ ముఖ్యం. చెఫ్ నిజంగానే కడిగి ఉండవచ్చు, ఆ 20 సెకన్లు ఎడిటింగ్‌లో పోయి ఉండవచ్చు. చూసేవాళ్లకు రెండూ ఒకటే.

జర్మనీలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ కూడా 100 వంట కార్యక్రమాలు చూసి, సగటున ప్రతి 50 సెకన్లకు ఒక శుభ్రత పొరపాటు లెక్కగట్టింది. మురికి చేతులు వంటింటి తువ్వాలుకు తుడుచుకోవడం, తరిగే పలక కడక్కుండా మళ్లీ వాడటం లాంటివి. వాళ్లు అక్కడితో ఆగలేదు. కొందరికి చికెన్ సలాడ్ చేసే వీడియో చూపించారు, ఒక గుంపుకు చక్కటి శుభ్రతతో, ఇంకో గుంపుకు పొరపాట్లతో. తర్వాత వాళ్లందరితో అదే వంటకం చేయించారు. శుభ్రంగా చేసిన వీడియో చూసినవాళ్లు తక్కువ పొరపాట్లు చేశారు. అంటే వంట మాత్రమే కాదు, వంటింటి అలవాటు కూడా తెర నుంచి చేతికి వస్తుంది.

చికెన్ కడగడం దగ్గర మాత్రం ఇంకో చిక్కు. అమెరికా వ్యవసాయ శాఖ పచ్చి చికెన్‌ను కడగొద్దంటుంది. నీళ్ల తుంపరలతో బ్యాక్టీరియా సింకంతా పాకుతుందని, ఉడికితే అది ఎలాగూ చస్తుందని దాని వాదన. మన దగ్గర చికెన్ అప్పటికప్పుడు కోసి ఇస్తారు, ఈకలు, ఎముక ముక్కలు, రక్తం అంటుకుని ఉంటాయి. ఉప్పు, పసుపు వేసి కడగకుండా వండటానికి ఎవరికీ మనసొప్పదు. ప్యాకెట్‌లో శుభ్రం చేసి వచ్చే మాంసానికి ఇచ్చిన సలహా ఇక్కడికి సరిగ్గా అతకదు. తుంపరల సంగతి మాత్రం ఇక్కడా నిజమే. ధారగా తిప్పిన కుళాయి కింద కడగడానికీ, గిన్నెలో నెమ్మదిగా కడిగి తర్వాత సింక్ తోమడానికీ తేడా ఉంది. మన కార్యక్రమాల్లో చికెన్ ఎప్పుడూ కడిగేసే వస్తుంది కాబట్టి ఆ తేడా ఎవరూ చూడలేదు.

## ప్యాకెట్ మీద కెమెరా ఎందుకు ఆగుతుంది

కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది: ప్రకటన ఏదో కార్యక్రమం ఏదో చూసేవాళ్లకు స్పష్టంగా తెలియాలి. బ్రేక్‌లో వచ్చే ప్రకటన విషయంలో అది సులువు. కూరలో వేసే మసాలా ప్యాకెట్ పేరు కనపడేలా పట్టుకుని వేస్తే అది ఏది? చెఫ్ సలహానా, స్పాన్సర్ కోరికా?

స్పాన్సర్ లేకపోతే మధ్యాహ్నం పూట కార్యక్రమం నడవదు, ఇది నిర్మాతల వైపు నిజం. నూనె కంపెనీ, మిక్సీ కంపెనీ, మసాలా కంపెనీ డబ్బుతోనే మనం ఏళ్లుగా ఉచితంగా వంటలు చూశాం. నష్టం ఎక్కడంటే, ఇంట్లో ధనియాలు, జీలకర్ర, లవంగం వేయించి కొట్టుకునే పొడి స్థానంలో నెమ్మదిగా ‘ఫలానా మసాలా రెండు చెంచాలు’ వచ్చి చేరడం. ఆ పొడిలో ఏముందో, ఎంత ఉప్పుందో నేర్చుకునేవాళ్లకు తెలియదు. వంట నేర్పాల్సిన చోట కొనుగోలు నేర్పినట్టవుతుంది.

## పోటీలో వంట ఎటు పోతుంది

పోటీ కార్యక్రమాల గురించి కొంచెమే చెబుతాను. వాటి బలం టెన్షన్. గడియారం, కళ్లనీళ్లు, జడ్జి నోట్లో ముద్ద పెట్టుకున్నాక వచ్చే మౌనం. మామూలు ఉద్యోగాలు వదిలి వంటను జీవితం చేసుకున్నవాళ్లు వీటి నుంచి వచ్చారు. తిండికి ఒక హుందాతనం ఉందని పిల్లలకు కూడా అనిపించింది.

బలహీనత ఏమిటంటే, ఇక్కడ రుచి చూసేది ముగ్గురే. మిగతా లక్షల మందికి అందేది ప్లేటు మీద అలంకరణ. కాబట్టి అలంకరణ పెరుగుతుంది. ముద్దపప్పు, ఆవకాయ లాంటి వాటికి అలంకరణ ఏముంటుంది? చూడ్డానికి సాదాగా ఉండి నోట్లో అద్భుతంగా ఉండే మన వంటలకు ఆ వేదిక మీద మార్కులు పడటం కష్టం.

ఏ తిండి తెర మీదకు రావాలన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. 2015లో హిందీ మాస్టర్‌చెఫ్ ఒక సీజన్‌ను పూర్తి శాకాహారంగా నడిపింది. శాకాహార కుటుంబాల వాళ్లూ పోటీ పడగలరని, కూరగాయలతో ఎంత చేయవచ్చో చూపించవచ్చని సమర్థించినవాళ్లున్నారు. దేశంలో ఎక్కువమంది తినే తిండిని బయట నిలబెట్టారని విమర్శించినవాళ్లూ ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో అత్యధికులు మాంసాహారులే. అయినా మన టీవీలో కూడా బోటి, తలకాయ కూర, నల్ల (రక్తంతో చేసే కూర) లాంటివి కోడికూర, రొయ్యల వేపుడుతో పోలిస్తే చాలా తక్కువగా కనిపించాయి. ఊరూరా తినేవాళ్లున్న తిండి తెర మీద లేకపోతే, ఆ తిండి తినే పిల్లలు బడిలో తమ డబ్బా మూత తీయడానికి సంకోచిస్తారు. ‘మా వంట టీవీలో వచ్చింది’ అన్న గర్వం కొందరికే దక్కి కొందరికి దక్కకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

## కూర పాడైతే చూపించిన ఆవిడ

అమెరికాలో జూలియా చైల్డ్ 1963లో బోస్టన్ పబ్లిక్ టీవీలో ఫ్రెంచి వంట నేర్పడం మొదలుపెట్టింది. ఎడిటింగ్ ఖర్చుతో కూడిన పని కాబట్టి కార్యక్రమాన్ని దాదాపు ఆపకుండా రికార్డు చేసేవారు. ఒక రోజు ఆమె బంగాళాదుంప అట్టును పెనం మీద ఎగరేసి తిప్పబోతే సగం పొయ్యి మీద పడింది. ఆమె దాన్ని ఎత్తి పెనంలో వేసి సర్దింది. వంటింట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఎవరు చూస్తారులే అన్నట్టు మాట్లాడి, తగినంత ధైర్యంగా తిప్పకపోవడమే తన పొరపాటని చెప్పి ముందుకెళ్లింది. అమెరికాలో ఇప్పటికీ ఆ దృశ్యాన్ని తలుచుకుంటారు.

కోత లేకపోతే ఏం మిగులుతుందో ఆ అట్టు చూపిస్తుంది. మన కార్యక్రమాల్లో పాకం ఎప్పుడూ తీగ పాకమే వస్తుంది, ముదరదు. అరిసె విరగదు. పెసరట్టు పెనానికి అంటుకోదు. ఇంట్లో అంటుకున్నప్పుడు ఏం చేయాలో అందుకే మనం టీవీలో చూడలేదు. పాకం ముదిరిందని అరిసెల పిండి మొత్తం పారేసిన కొత్త కోడళ్లకు, కాసిని నీళ్లు పోసి పాకాన్ని మళ్లీ కరిగించి వెనక్కి తేవచ్చని చెప్పే దృశ్యం ఒక్కటి ఉంటే ఎంత బాగుండేది.

## ఫోన్‌లోకి వచ్చాక ఏం మారింది

తెలంగాణకు చెందిన చెఫ్ సంజయ్ తుమ్మ 2007 నాటికే వంటల వీడియోలు యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టారు. 2016 తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కర్రె మస్తానమ్మ, నూరేళ్లు దాటిన అవ్వ, పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతుంటే ప్రపంచమంతా చూసింది. 2018లో ఆమె చనిపోయేనాటికి లక్షల మంది అభిమానులున్నారు. ఆ వీడియోల్లో స్టూడియో లేదు, తరిగిపెట్టిన గాజు గిన్నెలు లేవు. ఆమె కూర్చుని చేత్తోనే అల్లం పొట్టు తీయడం కూడా జనం ఇష్టంగా చూశారు. శ్రమ తెర మీదకు వస్తే ఎవరూ చూడరన్న టీవీ నమ్మకానికి అది గట్టి జవాబు.

కాలపరిమితి పోవడంతో కొందరు పూర్తి నిడివి వీడియోలు పెడుతున్నారు. ఆపి, వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. అదే సమయంలో ఒక్క నిమిషం వీడియోలు టీవీ కంటే దారుణంగా కోస్తున్నాయి. అందులో ఉల్లిపాయ తెలుపు నుంచి ఎరుపుకు మూడు సెకన్లలో మారుతుంది. ఇంట్లో సన్నటి సెగ మీద దానికి ఇరవై నిమిషాలు పడుతుంది. టీవీకి ఉన్న పాటి ప్రకటనల నిబంధన కూడా ఇక్కడ సరిగ్గా కనిపించదు. స్పాన్సర్ ఎవరో చెప్పేవాళ్లూ ఉన్నారు, చెప్పనివాళ్లూ ఉన్నారు.

నాకు నచ్చిన మార్పు మాత్రం వీడియో కింద ఉంటుంది. టీవీకి ఎదురు ప్రశ్న వేయడం కుదరలేదు. ఇప్పుడు గుత్తి వంకాయ వీడియో కింద ఎవరో ఒకరు అడుగుతారు, "అక్కా, నా కూర చేదొచ్చింది, ఎందుకు?" వండిన ఆవిడ ఒక్కోసారి జవాబిస్తుంది, ఒక్కోసారి ఇంకెవరో ఇస్తారు: "నువ్వులు మాడి ఉంటాయమ్మా. పల్లీలు తీసేశాక మూకుడు దింపేసి, ఆ వేడి మీదే వేయించు."